అప్ప సీటు ఆఖర్న

అనకాపల్లి
అక్టోబరు 20

బావకి కృష్ణబాబు నమస్కారాలు.

చేతిలో ఫోనుండగా ఉత్తరం ఏటని నవ్వుకుంటావు. నవ్వుకో. నీకు చెవి కాస్త మందం, ఫోను ఎప్పుడూ స్పీకర్లో పెడతావు. నేనిక్కడ హలో అంటే ఎలమంచిలి బస్టాండులో జనం వెనక్కి తిరిగి చూస్తారు. ఇప్పుడు చెప్పబోయే సంగతి మా అప్పకి, అదే నీ ఇల్లాలికి, తెలియకూడదు. అందుకే ఇంటికి కాకుండా నీ సీట్ల షాపు అడ్రసుకి రాస్తన్నాను. చదివేక చించి పారీ.

నేను కారు కడతన్నాను బావా. కొనడం కాదు, కట్టడం. కోయంబత్తూరు వైపు కంపెనీ ఒకటి ముక్కలన్నీ పెట్టెల్లో పెట్టి పంపింది. చాసిస్ గొట్టాలు, ఫైబరు బాడీ, రెండు తలుపులు, ముందద్దం, నట్లూ బోల్టులూ మూడు బస్తాలు. ఇంజనూ గేరుబాక్సూ మనం తెచ్చుకోవాలి, స్క్రాపులో పాత ఎనిమిదొందల సీసీ కారు దొరికింది. దీన్ని కిట్ కారంటారు. ముప్పైయేళ్ళుగా లేతు మిషను ముందు నిలబడి ఊరందరి చెరుకు గానుగలకీ షాఫ్టులు తీసేను. నాకంటూ ఒకటి చేసుకోవాలని ఇన్నాళ్ళకి బుద్ధి పుట్టింది.

నాకంటూ అన్నాను గానీ అది అబద్ధం. ఇది అప్ప కోసం. కొండకర్లలో నాకు ఆరేళ్ళప్పుడు అరికాల్లో ముల్లు దిగి చీము పట్టింది. అప్ప నన్ను తాటిమట్ట మీద కూచోబెట్టి, ఆవ చెరువు గట్టు మీంచి బడి దాకా నెల్లాళ్ళు లాక్కెళ్ళింది. పెద్దయ్యేక నేను కారు కట్టి నిన్ను కూచోబెడతానే అని ఆ మట్ట మీంచి మాటిచ్చేను. అది నవ్వింది. నేను మర్చిపోయేను కూడా. రెండేళ్ళ కిందట దానికి నడుం పట్టేసిన కాణ్ణించి బస్సు ఎక్కలేదు, ఆటోలో రెండు గతుకులకే కళ్ళనీళ్ళు పెట్టుకుంటంది. మొన్న కొత్త అమావాస్యకి నూకాలమ్మ జాతరకి రాలేదు. పుట్టి బుద్ధెరిగేక అది రాకపోవడం అదే మొదలు. ‘అమ్మవారికి నా పేరు చెప్పరా తమ్ముడూ’ అని ఫోను పెట్టేసింది. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

వచ్చే కొత్త అమావాస్య మార్చి 29. ఆ పొద్దున్న అప్పని మీ గుమ్మంలో ఎక్కించుకుని, నడుం నొప్పి లేకుండా గుడికి తీసుకురావాలి. దానికి సీటు నువ్వే కుట్టాలి. నలభై ఏళ్ళు బస్సులకీ ఆటోలకీ కుట్టినవాడివి, పెళ్ళానికి ఒక్కటి కుట్టలేవా?

ఒక్క సంగతి. బాడీ ఎక్కించగానే ముందు లోపలి పని అయిపోగొడదామనుకుంటన్నాను. సీట్లు, కార్పెట్టు, తలుపుల లోపలి అట్టలు. అవి పడితే కారు కారులా కనబడుద్ది, మిగతా పనికి హుషారొస్తాది. సీటు నెలలో పంపేస్తావు కదా?

నీ బావమరిది
కృష్ణబాబు


ఎలమంచిలి
అక్టోబరు 28

కృష్ణబాబుకి తాతబ్బాయి రాయునది.

ఉత్తరం అందింది. సదివేను. సించి పారేసేను.

సీటు నేను కుడతాను. గానీ సీటు ఆఖర్న. ముందు కాదు, మద్దిలో కాదు, ఆఖర్న.

ఎందుకో సెప్తాను ఇను. పెళ్ళి కాక ముందు నేను బస్సు బాడీలు కట్టే షెడ్డులో పన్జేసేను. మేస్త్రీకి నీలాగే హుషారు ఎక్కువ. ఓనరు సూడ్డానికి వత్తన్నాడని వైరింగు అవకుండానే సీట్లు ఎక్కించేసేడు. ఓనరు వచ్చేడు, కూకున్నాడు, మురిసిపోయి ఎల్లిపోయేడు. మర్నాడు వెల్డింగోడు పైన కమ్మీ అతికిత్తా ఉంటే నిప్పురవ్వలు రాలి పదకొండు సీట్లకి కన్నాలు పడ్డాయి. ఆ పదకొండూ నేనే మళ్ళీ కుట్టేను. మేస్త్రీ మాత్రం ఓనరు మురిసిపోయిన సంగతే సెప్పుకుని తిరిగేడు.

నీ కారుకి బ్రేకు గొట్టాలు, వైర్లు, పెట్రోలు పైపు అన్నీ నేల మీంచే ఎల్తాయి. వాటి మీద కార్పెట్టు కప్పేసేవంటే లోపల ఏం జరుగుతందో నీకు తెల్దు. ముందు వైర్లు. ఆ తర్వాత బ్రేకులు. తర్వాత పైపు పెట్టి కారు మీద నీళ్ళు కొట్టి ఎక్కడ కారతందో సూడు. తర్వాత ఉత్తి కారు నడిపి సూడు. అప్పుడు నాకు రాయి.

మీ అప్ప నడుం నొప్పి సంగతి రాసేవు. అంత నొప్పిలోనూ ఇంటి పనీ షాపు పనీ ఒక్కర్తే సేసుకుంటంది. నోరెత్తి ఒక్క మాట అనదు. అలాటి మనిసి ఈ సుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ లేదు. దొరకడం నా అదృష్టం.

తాతబ్బాయి


అనకాపల్లి
నవంబరు 12

బావకి నమస్కారాలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివేను. మొదటిసారి కారు గురించి, మిగతా రెండుసార్లు ఆఖరి నాలుగు ముక్కల గురించి. ఒంట్లో బాగుందా బావా? నా ఎరికన అప్పని నువ్వు పొగడ్డం ఇదే మొదలు. మహాలక్ష్మికి చూపించేను. ‘చూసి నేర్చుకో’ అని రెండు రోజులు నాకు కూరలో ఉప్పు వెయ్యలేదు. ఇంకోసారి పొగిడేటప్పుడు పక్కింటివాళ్ళ సంసారాలు కూడా చూసుకో.

నీ దస్తూరీ ఇంత ముచ్చటగా ఉంటాదని కూడా నాకు తెలీదు.

ఇప్పుడు పని మాట. బాడీ ఎక్కింది. ఎల్లారావు వైరింగు మొదలెట్టేడు. ఆటోల వైరింగులో అతనికి మించినోడు లేడు, గానీ వేగం లేదు. ఒక తీగ లాగుతాడు, టీ తాగుతాడు. ఈలోగా మహాలక్ష్మి పంతులు గార్ని అడిగింది. డిసెంబరు మొదటి వారంలో దివ్యమైన ముహూర్తం ఉందట, ఆపైన నా జాతకానికి మంచిరోజు దగ్గర్లో లేదట. ఆ వేళకి సీట్లో కూచుంటే మంచిదన్నాడు. మరి గృహప్రవేశానికి గచ్చు అవ్వకపోయినా, కిటికీలకి తలుపుల్లేకపోయినా పాలు పొంగించెయ్యటం లేదా? మా ఇంట్లో పాలు పొంగేక మెట్లు కట్టడానికి ఏడాది పట్టింది. నిచ్చెనేసుకుని ఎక్కేము. ఎవరికీ ఏమీ అవ్వలేదు.

నువ్వు ఊఁ అంటే స్క్రాపు కారు పాత సీట్లకే గుడ్డ మార్చి తాత్కాలికంగా పెడతాను. అప్ప సీటు నువ్వు కుట్టేక మారుస్తాను.

అప్ప వీపు కొలత కావాలి. దానికి తెలియకుండా తియ్యాలి. ఎలా తీస్తావో నీ ఇష్టం. గుడ్డ ఎరుపు తీసుకో, అప్పకి ఎరుపంటే ప్రాణం.

కృష్ణబాబు


ఎలమంచిలి
నవంబరు 20

కృష్ణబాబుకి.

ఊఁ అన్ను. పాలు పొంగించుకో, దణ్ణం పెట్టుకో, పులిహోర తిను. కార్పెట్టు మాత్రం వెయ్యకు. ఇంటికి మెట్లు లేపోతే నిచ్చెనేసుకుంటావు. కారుకి బ్రేకు లేపోతే ఏటేసుకుంటావు?

మీ అప్ప మజ్జానం కునుకు తీత్తా ఉంటే కొలత తీసేను. టేపు తగిలినా కదల్లేదు, పాపం అంత అలిసిపోయి ఉంది. వీపు పొడుగు ఇరవై రెండంగుళాలు, వెడల్పు పదహారున్నర. నడుం దగ్గర లోపలికి గుంట ఉంటాది కదా, అక్కడ గుప్పెడంత ఎత్తు లేపాల. మరీ మెత్తన కూడదు, దిగిపోతే లెగలేదు. కుడి పక్కన కొంచెం ఎక్కువ దట్టం, నొప్పి అటే. కాళ్ళు నేలకి ఆనాల, లేపోతే తొడలు పట్టేత్తాయి. తలుపు పక్కన సెయ్యి ఆన్సుకోడానికి ఒక దిండు. సీర కుచ్చిళ్ళు తలుపులో పడకుండా ఒక పట్టీ. కళ్ళజోడు, మందులు, ఒక జేబురుమాలు పెట్టుకోడానికి సంచీలాగ జేబు. జేబుకి మూత ఉండాల, లేపోతే గతుకుల్లో మందులు రాలిపోతాయి.

ఎరుపు ఒద్దు. మీ అప్పకి ఎరుపు గిట్టదు. ముప్పైయేళ్ళ నించి నువ్వు ప్రతి పండక్కీ ఎర్రసీర తెత్తన్నావు, తమ్ముడు తెచ్చేడు కదాని కట్టుకుంటంది. ఆ మనిసికి నెమలికంఠం రంగు ఇష్టం. ఎవులూ అడగలేదు, ఆవిడా సెప్పలేదు. అదే రంగు గుడ్డ తీసేను.

తాతబ్బాయి


అనకాపల్లి
డిసెంబరు 9

బావకి నమస్కారాలు.

ఎర్రచీర సంగతి చదివి నేను లేతు ఆపేసి కూచుండిపోయేను. ముప్పైయేళ్ళ చీరలు బావా. ఒక్కటైనా వేరే రంగు తేవాలని తోచలేదు నాకు. అది నీకెప్పుడు చెప్పింది? నాకెందుకు చెప్పలేదు? మహాలక్ష్మిని అడిగితే, ఆ సంగతి తనకి పెళ్ళైన కొత్తలోనే తెలుసంది. ఈ ఇంట్లో నాకు తప్ప అందరికీ అన్నీ తెలుసు.

కొలతలు అందేయి. కునుకులో ఉన్న మనిషి జేబుకి మూత కూడా అడిగిందా ఏటి? నీ బుర్ర బుర్ర కాదు బావా. సీటంటే నువ్వే.

ముహూర్తం బాగా జరిగింది. నువ్వు చెప్పినట్టే ఉత్తి పూజే చేసేము. కార్పెట్టు వెయ్యలేదు, సీట్లు పెట్టలేదు, లోపల ఏమీ ముట్టుకోలేదు. ఉత్తి నేల. ఒట్టు. ఫొటో ఒకటి కడిగించి దీన్లో పెట్టేను, నేనూ మహాలక్ష్మీ పంతులు గారూ. చూసి ఆనందించు, అప్ప కంటబడకుండా దాచు.

కృష్ణబాబు


ఎలమంచిలి
డిసెంబరు 16

కృష్ణబాబుకి.

ఫొటో బాగుంది. పంతులు గారు బాగా వచ్చేరు. మహాలక్ష్మి సీర బాగుంది. నువ్వు లావయ్యేవు. నీ ఎనకాల తలుపు తీసుంది, తలుపులోంచి సీటు కనబడతంది, సీటు కింద కార్పెట్టు కనబడతంది. కార్పెట్టు రంగు బూడిద. అంచు సరిగా కోయలేదు, ఎడం పక్క రెండంగుళాలు మడత పడింది. గుడ్డ ఎరుపు.

ఒట్టు ఎవరి మీద ఏసేవు? నా మీద కాకపోతే సాలు.

తాతబ్బాయి

తా.క. లావయ్యేవన్నందుకు ఏమనుకోకు. బెల్లం తగ్గించు.


అనకాపల్లి
జనవరి 5

బావకి,

ఏ మొహం పెట్టుకుని రాయాలో తెలియక ఇన్నాళ్ళు ఊరుకున్నాను. జరిగింది జరిగినట్టు చెప్తాను, తిట్టదల్చుకుంటే ఆఖర్న తిట్టు.

ముహూర్తం నాటికి సీట్లు బిగించేను, కార్పెట్టు జిగురేసి అతికించేను. పంతులు గారు గడప మీద కొబ్బరికాయ కొట్టమన్నారు. కారుకి గడపేటని నేను. తలుపు తీస్తే కాలు దాటించేది గడప కాక ఏటని మహాలక్ష్మి. అది నిజమే అనిపించింది. ఆ అంచు మీద కొట్టేను. కాయ మంచిదొచ్చింది బావా, నిండా నీళ్ళు. ఆ నీళ్ళన్నీ బయటికి పోకుండా లోపలికి పోయి కార్పెట్టు కిందకి దిగిపోయేయి. పైపైన తుడిచి ఊరుకున్నాము. అందరం సీట్లో కూచుని చప్పట్లు కొట్టుకున్నాము.

మూడో రోజుకి హారను మోగడం మొదలెట్టింది. ఎవరూ ముట్టుకోకుండానే. భోజనం వేళకి ఒకసారి, ఎల్లారావు టీకి వెళ్ళినప్పుడల్లా ఒకసారి. నాలుగో రోజుకి చీమలు. బెల్లం మార్కెట్టున్న ఊళ్ళో చీమలకి కారులో ఏం పనో నాకు అర్థం కాలేదు. వారానికి వాసన కూడా తయారైంది. ఎల్లారావు ‘కార్పెట్టు తీస్తే గానీ తీగ దొరకదు’ అన్నాడు. జిగురు గట్టిది, నేనే వేసేను కదా. ముక్కలు ముక్కలుగా పీకేము. సీట్లు కూడా విప్పేసేను.

నవ్వడం అయిపోయిందా? ఇప్పుడు నవ్వురాని మాట చెప్తాను. కార్పెట్టు తీసేక, కుడి పక్క బ్రేకు గొట్టం అతుకు దగ్గర తడి ఉంది. కొబ్బరినీళ్ళు కాదు, బ్రేకు ఆయిలు. చుక్క చుక్కగా కారి కార్పెట్టు అడుగు నాని ఉంది. ఆ అతుకు బిగించింది నేను. కార్పెట్టు కింద ఉండగా నాకు జన్మలో కనబడేది కాదు. అలాగే మూసేసి, హైవే మీద లారీల మధ్య అప్పని కూచోబెట్టుకుని వచ్చేవాణ్ణి. ఆ ఆలోచన వచ్చేక రెండు రోజులు షెడ్డు తలుపు తియ్యలేదు. భయమేసింది బావా. నీ మాట విననందుకు సిగ్గేసింది, ఒట్టేసి అబద్ధం రాసినందుకు ఇంకా సిగ్గేసింది. ఒట్టు నా మీదే వేసుకున్నాను, కంగారు పడకు.

ఇప్పుడు కారులో ఏమీ లేదు. నువ్వేం చెప్తే అది చేస్తాను.

కృష్ణబాబు


ఎలమంచిలి
జనవరి 20

కృష్ణబాబుకి.

తిట్టదల్సుకోలేదు. హారను సంగతి సదివి మీ అప్ప పొట్ట పట్టుకుని నవ్వింది, అనగా మీ అప్ప వేరే దేనికో నవ్వింది, నేను నీ ఉత్తరానికి నవ్వేను. ఇద్దరం ఒకేసారి నవ్వేము.

అతుకు కనబడింది కదా. కనబడ్డం మంచిది. ఇంక దాని గురించి కుమిలిపోకు. తప్పు నువ్వు దాసలేదు, రాసేవు. సీటూ కార్పెట్టూ వేసే ముందు కారు సెప్పేదంతా ఇనాలనే నేను అన్నది.

ఇప్పుడు సెయ్యాల్సింది. నేల మీద ఒక పీట బోల్టులతో గట్టిగా బిగించు. దాని మీద కూకుని, బెల్టు పెట్టుకుని, ఊరవతల ఖాళీ రోడ్డు మీద యాభై కిలోమీటర్లు నడుపు, రోజుకి ఐదేసి. రేడియో గట్రా ఏమీ వద్దు. ఉత్తి కారులో ప్రతి సప్పుడూ ఇనబడతాది. కార్పెట్టు వేసేక ఆ సప్పుళ్ళన్నీ దాని కింద దాక్కుంటాయి. ఒక్కో సప్పుడూ ఎక్కడిదో కాయితం మీద రాసుకో, బిగించు, కొట్టీ. ఆ కాయితం ఖాళీ అయ్యేక నాకు పంపు. అప్పుడే సీటు.

సీటు ఎంతవరకూ వచ్చిందని అడక్కు. అవుతంది. నిదానంగా అవుతంది. సూడ్డానికి షాపుకి రావద్దు.

తాతబ్బాయి


అనకాపల్లి
ఫిబ్రవరి 24

బావకి నమస్కారాలు.

కాయితం దీంతో పంపుతున్నాను. పదిహేడు చప్పుళ్ళు. పదిహేడూ కొట్టేసేను. పదహారోది నాలుగు రోజులు ఏడిపించింది. గతుకు పడ్డప్పుడల్లా టక్కుమనేది, చాసిస్ అంతా బిగించేను, పోలేదు. చివరికి చూస్తే ఎల్లారావు టీ గ్లాసు, తలుపు అడుగున ఉండిపోయింది. నెల్లాళ్ళుగా వెతుక్కుంటన్నాడట.

నీళ్ళు కొట్టి చూసేను. ముందద్దం మూల నుంచి ధార కట్టింది, సరిగ్గా అప్ప కూచునే పక్క. రబ్బరు మార్చేను. మళ్ళీ కొట్టేను, చుక్క లేదు. బ్రేకులు మూడుసార్లు చూపించేను. రిజిస్ట్రేషను కాగితాల పనీ చాలా మటుకు అయ్యింది. ఇనస్పెక్టరు బండి చుట్టూ రెండుసార్లు తిరిగి ‘ఏ కంపెనీదయ్యా ఇది’ అన్నాడు. మా కంపెనీదే సార్ అన్నాను. సీట్లేవీ అన్నాడు. సీటు ఆఖర్న సార్ అన్నాను. నీ మాట నా నోట్లోకి వచ్చేసింది. సీటు పెట్టేక మళ్ళీ తెచ్చి చూపించమన్నాడు.

పీట మీద కూచుని నడిపి నడిపి నాకూ నడుం నొప్పొచ్చింది. అప్ప రెండేళ్ళుగా ఎలా ఉంటందో కొంచెం తెలిసింది.

ఇప్పుడు నిజం చెప్పు. కొత్త అమావాస్య ఇంక నెల్లాళ్ళలోకి వచ్చేసింది. సీటు అడక్కంటావు, షాపుకి రావద్దంటావు. మొన్న ఎలమంచిలి మీదుగా పనుండి వెళ్తా మీ షాపు ముందు బండి స్లో చేసేను. నువ్వు బయట కుర్చీలో కూచుని పేపరు చూస్తన్నావు. లోపల మిషను చప్పుడు వినబడతంది. ఎవర్ని పెట్టుకున్నావు? నువ్వు కుట్టకుండా ఇంకెవరి చేతనో కుట్టిస్తన్నావా? నా మీద కోపం ఇంకా పోలేదా? ఏటి దాస్తన్నావు బావా? చెప్పకపోతే ఇక్కడే ఎవరి చేతనైనా కుట్టించేస్తాను. నాకు నీ పంతం కన్నా అప్ప రావడం ముఖ్యం.

కృష్ణబాబు


ఎలమంచిలి
మార్చి 10

సిరంజీవి తమ్ముడు కృష్ణబాబుకి, సిన్నమ్మలు దీవించి రాయునది.

కంగారు పడకు. నేనే. మీ అప్పని.

నీ మొదటి ఉత్తరం కాణ్ణించి నాకు అన్నీ తెలుసు. సదివింది నేను, రాసింది నేను. మీ బావ సేతులు ఒణుకుతాయిరా. రెండేళ్ళ పైన అయ్యింది. మొదట్లో టీ గ్లాసు తొణికేది, తర్వాత సూదిలో దారం ఎక్కడం మానేసింది. ఇప్పుడు కలం పట్టుకుంటే కాయితం సిరిగిపోతాది. డాక్టరు మందులిచ్చేడు, తగ్గదు పెరక్కుండా సూద్దాం అన్నాడు. ఎవులికీ సెప్పొద్దని ఒట్టు ఏయించుకున్నాడు. సీట్ల తాతబ్బాయి సేతులు ఒణుకుతున్నాయంటే మర్నాటికి షాపు మూత పడతాదని ఆయన బయ్యం. అందుకే ఆయన బయట కుర్చీలో కూకుని బేరం ఆడతాడు, కొలత సెప్తాడు, గుడ్డ మీద వేలుతో గీత సూపిత్తాడు. నేను లోపల కోత్తాను, కుడతాను. నువ్విన్న మిషను సప్పుడు నాదే. నడుంకి దిండు కట్టుకుని గంటేసి సొప్పున కుడతాను. ఈ ఊళ్ళో ఆటోలన్నీ రెండేళ్ళుగా నా కుట్టు మీదే తిరుగుతున్నాయి. ఎవులికీ తెల్దు.

మీ బావ మొదటి ఉత్తరం ఇప్పమంటే ఇప్పి పెద్దగా సదివేను. ‘మా అప్పకి తెలియకూడదు’ అన్న కాడికి వచ్చేసరికి ఇద్దరం ఒకరి మొహం ఒకరు సూసుకున్నాము. ఆపుతావేటి సదువు అన్నాడు. సదివేను. తాటిమట్ట కాడ మాత్రం ఆగిపోయేను. నీకు గుర్తుందనుకోలేదురా. నీ కాలి ముల్లు తీసింది కూడా నేనే, అది రాయడం మర్సిపోయేవు.

కారు గురించి రాసినవన్నీ మీ బావ మాటలే. ఆయన సెప్పింది సెప్పినట్టు రాసేను, బస్సు షెడ్డు సంగతితో సహా. మీ అప్ప లాటి మనిసి లేదని రాసిన కాడ మాత్రం ఆయన టీకి ఎల్లేడు. ఎర్రసీర సంగతి కూడా నాదే. ఏమనుకోకు. ఇన్నాళ్ళూ సెప్పలేనిది ఇంకోరి పేరు మీద రాత్తే సులువైపోయింది. జేబుకి మూత కూడా నేను అడిగిందే.

సీటు అయిపోయింది. నా వీపుకి నేనే కుట్టుకున్నాను, మీ బావ పక్కన నిలబడి ఒక్కో వరసా ఇప్పించి మళ్ళీ కుట్టించేడు. పన్నెండు సార్లు కూకోబెట్టి, నొప్పెక్కడ అని అడిగి, దూది తీసి, దూది పెట్టించేడు. మా పెళ్ళైన కాణ్ణించి ఆయన నన్నిన్ని సార్లు ‘నొప్పెక్కడ’ అని ఎప్పుడూ అడగలేదు.

ఆలీసం ఎందుకయ్యిందంటే, నడుం కాడ ఒక్క వరస తన సేత్తో కుడతానన్నాడు. రోజుకి రెండు కుట్లు, మూడు కుట్లు. ఏలికి సూది గుచ్చుకుంటే తిట్టుకుంటా మళ్ళీ కూకునేవోడు. నెల పట్టింది. మొన్న అయ్యింది. ఆ వరస వంకరగా ఉంటాది. తప్పనుకుని ఇప్పేవు సుమీ. దాని జోలికి ఎల్లకు.

ఈ ఉత్తరం సంగతి ఆయనకి సెప్పే రాత్తన్నాను. ముందు ఒద్దన్నాడు. తర్వాత ‘కార్పెట్టు తీసి సూపించీ, కుర్రోడు కంగారు పడతన్నాడు’ అన్నాడు. సీటు రేపు పార్సిలు బస్సులో ఏత్తాము.

మీ అప్ప
సిన్నమ్మలు


అనకాపల్లి
మార్చి 19

అప్పకి నమస్కారాలు. ఇది నువ్వే చదువుతావని తెలుసు, బావకి పెద్దగా చదివి వినిపించు.

సీటు వచ్చింది. కార్పెట్టు కొత్తది వేసేను, అంచు కొలిచి కోసేను. తలుపుల అట్టలూ, నాకూ వెనక్కీ స్క్రాపు కారు పాత సీట్లూ బిగించేను. అన్నీ అయ్యేక, ఇంక పని ఏమీ మిగల్లేదని నాలుగుసార్లు చూసుకుని, నీ సీటు ఆఖర్న ఎక్కించేను. నాలుగు బోల్టులు. నాలుగూ నేనే బిగించేను. ఇనస్పెక్టరుకి మళ్ళీ చూపించేను, ఈసారి తిరగలేదు, అందులో కూచుని లేవలేదు. ఎల్లారావు నేనూ కూచుంటానన్నాడు, ముందు మా అప్ప అన్నాను.

వంకర వరస వెతుక్కుని చూసేను. వేలుతో తడిమి చూసేను. ఏడ్చేను కూడా, మహాలక్ష్మికి చెప్పకు. బావా, నేను ముప్పైయేళ్ళు లేతు మీద వెంట్రుకవాసి తేడా రాకుండా పని చేసేను. అంత మంచి పని నేనెప్పుడూ చెయ్యలేదు. నీ సంగతి నా నోట్లోంచి ఎవరికీ పోదు. గానీ ఒక్క మాట. అప్ప కుట్టిందని బోర్డు మీద రాయించు. ఆటోవాళ్ళు ఎక్కడికీ పోరు. రెండేళ్ళుగా వాళ్ళు కూచున్నది ఆ కుట్టు మీదే.

అప్పా, 29 పొద్దున్న ఎనిమిదింటికి మీ గుమ్మంలో ఉంటాను. మహాలక్ష్మి ఫోనుతో వీడియో తీస్తాది, దానికి నీ ఉత్తరం సంగతి చెప్పలేదు. అయిదు నెలలుగా నీకు తెలియకుండా దాచేమని మురిసిపోతంది పాపం. కారు చూడగానే ఆశ్చర్యపో. మరీ ఎక్కువ పోకు, నీకు నటన రాదు. నోటి మీద చెయ్యి వేసుకుంటే చాలు.

ఈసారి చీర నెమలికంఠం రంగు.

కృష్ణబాబు


ఎలమంచిలి
ఏప్రిల్ 2

కృష్ణబాబుకి.

ఇది నేనే రాత్తన్నాను. అచ్చరాలు సూత్తే తెలుత్తాది. మూడు రోజులు పట్టింది. మీ అప్పకి తెల్దు, ఇది ఒక్కటీ తెలియకూడదు.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో నువ్వు రోడ్డు సూసుకుంటన్నావు. నేను ఎనక సీట్లో కూకుని మీ అప్పని సూత్తన్నాను. కశింకోట దాటేక తల పక్కకి వాలింది. బయ్యమేసి ముందుకు ఒంగేను. నిద్దరోయింది. లారీ హారను కొట్టినా లెగలేదు. ఎలమంచిలి గేటు దాకా నిద్దరోయింది. రెండేళ్ళుగా బండెక్కితే పళ్ళు బిగించుకునే మనిసి.

ఆ సేపంతా నా సేతులు ఒణకలేదు. ఒణికేయేమో. నేను సూసుకోలేదు.

తాతబ్బాయి